లాక్‌డౌన్‌కు ముందే ఆగిన కాళ్లు: ఇటుక బట్టీ వలసల నేపథ్యం

2020 వేసవిలో రోడ్డెక్కిన వలస కూలీలను దేశమంతా చూసింది. రోడ్డెక్కలేనివాళ్లు ఎవరి కంటా పడలేదు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల కోసం వేసిన తొలి శ్రామిక్ రైలు సుమారు 1,200 మందితో బయల్దేరింది. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవాళ్లే అందులో ఎక్కువ. అప్పటికీ తెలంగాణ బట్టీల్లో ఒడిశా కుటుంబాలు ఇటుకలు కోస్తూనే ఉన్నాయి. ఏప్రిల్ 20 నుంచి పల్లెల్లో బట్టీలు నడుపుకోవచ్చని కేంద్రం చెప్పిన మాట నిజమే. కానీ వాళ్లను కట్టిపడేసింది నెలల ముందు తీసుకున్న అడ్వాన్సు.

ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల్లో కొత్త పంట పండగ నువాఖాయ్ దాటాక సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, ఊళ్లలోకి దిగుతారు. అడ్వాన్సు ఇచ్చేది మనిషికి కాదు, ‘పథురియా’కు. అంటే మొగుడు, పెళ్లాం, వాళ్లకు తోడు ఇంకొకరు. ఆ మూడో మనిషి తరచూ పిల్లో పిల్లాడో. ఆ చేతులు కోసిన ఇటుకలు లెక్కకొస్తాయి, పేరు మాత్రం పట్టికలో ఉండదు. కూలీ వెయ్యి ఇటుకలకు ఇంత అని. వారం వారం తిండికిచ్చేది కూడా బాకీలోనే రాస్తారు. చాలాచోట్ల అసలు లెక్క తేలేది జూన్‌లో వానలొచ్చి బట్టీ ఆగాకే. మార్చిలో మూట సర్దితే చేసిన పనికి డబ్బు రాదు, అప్పు మాత్రం మిగులుతుంది.

నార్వే పరిశోధకుడు యోర్గెన్ కార్లింగ్ 2002లో ఆఫ్రికా పడమటి తీరంలోని ద్వీపదేశం కేప్ వెర్డీ వలసలపై రాస్తూ, వెళ్లాలన్న కోరికనూ వెళ్లగలిగే వీలునూ విడదీసి చూడమన్నాడు. కోరిక ఉండి వీలు లేనివాళ్లది బలవంతపు నిలుపుదల. ఆయన చెప్పింది దేశం దాటలేనివాళ్ల గురించి. బట్టీ కూలీలకైతే ఇంటికి తిరిగి వెళ్లడానికే వీల్లేదు.

తిండి సంగతీ అంతే. ఏ ఊరి కార్డుతోనైనా బియ్యం తీసుకునే ఏర్పాటు ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019 ఆగస్టు 9నే మొదలైంది. ఒడిశా అందులో చేరింది 2020 జూన్ 1న, అంటే బట్టీ సీజన్ ముగిసే వేళకు. తెలంగాణ ప్రభుత్వం వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మంచి పనే, కానీ అది అందాలంటే ముందు ఎవరో వచ్చి వాళ్లను లెక్కించాలి.

ఆ లెక్క ఎప్పుడో ఉండాల్సింది. ఒడిశా 1975లోనే దాదన్ కూలీల (అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లేవాళ్ల) చట్టం చేసింది. దాన్ని చూసి కేంద్రం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. 2025 నవంబరులో రద్దయ్యేదాకా, అయిదుగురు ఉన్నా చాలు, అది వర్తించేది: కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి ఫొటోతో పాస్‌బుక్, రానూపోనూ ఛార్జీలు, ఊరు వదిలినందుకు స్థానభ్రంశం భత్యం (నెల జీతంలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది). అమలులో సర్దార్ లైసెన్సు తీసుకునేవాడు కాదు, ‘మావాళ్లే, వాళ్లంతట వాళ్లే వచ్చారు’ అనేవాడు. కాంట్రాక్టరు లేడంటే చట్టమే వర్తించేది కాదు. రైలు టికెట్టు కూడా అడ్వాన్సులో కలిసిపోతుంది.

2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన, 1979 చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్, సొంతంగా వచ్చినవాళ్లనూ వలస కార్మికులుగా గుర్తించి ఈ కంత పూడ్చింది. అదే కోడ్‌లో అయిదుగురి పరిమితి పదికి పెరిగింది, స్థానభ్రంశం భత్యం ఎగిరిపోయింది. అడ్వాన్సు పద్ధతి జోలికి మాత్రం అది వెళ్లలేదు.