శుద్ధి చేసిన నీళ్లు: అపోహలు, వాస్తవాలు

మురుగునీటి శుద్ధి ప్లాంట్లు నడపడం నా వృత్తి. అక్కడ శుద్ధి చేసిన నీళ్లు మళ్లీ వాడుకుంటే తాగునీరు ఎంతో మిగులుతుందని చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: "డ్రైనేజీ నీళ్లు మాతో తాగిస్తారు."

వాస్తవం: చాలాచోట్ల ఆ నీళ్లు తాగే కుళాయి దాకా రానే రావు. టాయిలెట్ ఫ్లష్‌లకు, తోటలకు, భవన నిర్మాణాలకు, ఫ్యాక్టరీలకు వెళ్తాయి. పాత రకం ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే పది లీటర్ల దాకా పోతాయి. వడపోసి, క్లోరిన్ కలిపి, అంత దూరం నుంచి పంపు చేసి తెచ్చిన తాగునీటిని ఆ పనికి వాడటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఫ్యాక్టరీల్లో వేడిని తగ్గించే కూలింగ్ టవర్లలో నీళ్లు ఆవిరైపోతూనే ఉంటాయి, రోజంతా కొత్త నీళ్లు పోస్తూనే ఉండాలి. అందుకే ముందుగా పరిశ్రమలను ఈ నీళ్లకు మార్చమంటాను.

అపోహ: "తాగేంత శుభ్రం చేయడం అసాధ్యం."

వాస్తవం: నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచే శుద్ధి చేసిన మురుగునీటిని తాగునీటి సరఫరాలో కలుపుతోంది. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ 2008 నుంచి ఆర్‌ఓ (ఒత్తిడితో సన్నటి పొర గుండా వడపోయడం), యూవీ (సూక్ష్మజీవులను చంపే అతినీలలోహిత కిరణాలు) దాటిన నీటిని భూగర్భంలోకి ఇంకిస్తోంది. సింగపూర్‌లో శుద్ధి చేసిన మురుగునీటిని 'న్యూవాటర్' అంటారు, అదైతే చిప్‌ల తయారీ ఫ్యాక్టరీలకూ వెళ్తుంది.

అపోహ: "తేటగా ఉండి వాసన లేకపోతే మంచి నీళ్లే."

వాస్తవం: నన్ను ఎక్కువ కలవరపెట్టే అపోహ ఇదే. వైరస్‌లు కంటికి కనిపించవు. నీళ్లలో సన్నటి మడ్డి మిగిలితే సూక్ష్మజీవులు దాని చాటున ఉండి యూవీని, క్లోరిన్‌ను తప్పించుకుంటాయి. అందుకే ముందు వడపోత, ఆ తర్వాతే క్రిమిసంహారం. కొన్నిచోట్ల కరెంటు ఆదా అవుతుందని రాత్రిళ్లు ట్యాంకుల్లోకి గాలి ఊదే బ్లోయర్లు ఆపేస్తారు. గాలి అందక ఏరేషన్ ట్యాంకులో మురికిని తినే బాక్టీరియా నీరసించిపోతుంది, నీళ్లలో అమ్మోనియా మిగిలిపోతుంది. తర్వాత వేసిన క్లోరిన్ చాలావరకు ఆ అమ్మోనియాతో కలిసి బలం కోల్పోతుంది. నీళ్లు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటాయి! కంటితో చూసి సరిపెట్టుకోకుండా మడ్డి, మిగులు క్లోరిన్ రోజూ కొలవాలి. క్లోరిన్‌ను ప్లాంటు దగ్గర చూస్తే సరిపోదు, చివరి కుళాయి దగ్గర చూడాలి. ఓవర్‌హెడ్ ట్యాంకులో రోజుల తరబడి నిల్వ ఉంటే క్లోరిన్ తగ్గిపోయి, పైపుల లోపల జిగురు పొర పెరుగుతుంది. ఫ్లష్ నీళ్లు కంపు కొడుతున్నాయనే ఫిర్యాదు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

అపోహ: "ప్లాంటు బాగుంటే ఇక టెన్షన్ లేదు."

వాస్తవం: ప్లాంటు ఎంత బాగున్నా, ప్లంబర్ తాగునీటి లైన్‌ను, రీసైకిల్డ్ నీటి లైన్‌ను పొరపాటున కలిపేస్తే ఈ నీళ్లు తాగే కుళాయిలోకి వచ్చేస్తాయి. అందుకే చాలా దేశాల్లో రీసైకిల్డ్ లైన్‌కు ఊదా రంగు పైపు వేస్తారు. ఈ నీళ్లు అటు వెళ్లకుండా తాగునీటి లైన్‌లో ప్రెషర్ ఎక్కువ ఉంచడం ఇంకో జాగ్రత్త. పైపులకు రిపేరు చేసిన ప్రతిసారీ రీసైకిల్డ్ లైన్‌లో హానిలేని రంగు కలిపి, తాగే కుళాయిలన్నీ తిప్పి చూడండి. ఎక్కడైనా రంగు నీళ్లు వస్తే వెంటనే సరఫరా ఆపేయాలి.

అపోహ: "మొక్కలు చచ్చిపోతాయి."

వాస్తవం: ఈ నీళ్లలోని నైట్రోజన్, ఫాస్పరస్ మొక్కలకు బలమే. ఇజ్రాయెల్ తన మురుగునీటిలో 80 శాతానికి పైగా శుద్ధి చేసి వ్యవసాయానికే ఇస్తోంది. అయితే మామూలు శుద్ధితో కరిగిన లవణాలు పోవు. సోడియం ఎక్కువైతే బంకనేల గట్టిపడి నీళ్లు ఇంకవు. కాబట్టి మట్టి పరీక్ష తప్పనిసరి. పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం శుద్ధి ప్రమాణాలు ఇంకా కఠినంగా ఉండాలి.

అపోహ: "దీనికంటే సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చడమే చవక."

వాస్తవం: సముద్రపు నీళ్లు లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు మోస్తాయి. ఇళ్ల మురుగునీటిలో సాధారణంగా అందులో చిన్న వంతే ఉంటుంది. అందుకే ఆర్‌ఓ పెట్టినా తక్కువ ఒత్తిడి, తక్కువ కరెంటు సరిపోతాయి. అసలు ఖర్చు తరచుగా పైపులైన్ల దగ్గర వస్తుంది. ప్లాంటు స్థలం ఖాయం చేయకముందే, ఆ నీళ్లు ఎవరు తీసుకుంటారో, వాళ్లు ఎంత దూరంలో ఉన్నారో తేల్చుకోవాలి.