ఎవరన్నారు?

ఎం.ఎడ్.లో చేరిన మన పిల్లలకు,

పర్లాకిమిడి నుంచి తాతయ్య ఆశీస్సులు.

వ్యాసం మొదలుపెట్టి నాలుగు రోజులైనా ఒక్క పేజీ తెమలలేదని ఫోనులో వాపోయారు. బి.ఎడ్.లో పాఠ్య పథకాలు చకచకా రాసిన చేతులే కదా! అక్కడ ఏం చెప్పాలో రాస్తే సరిపోయింది. ఇక్కడ ఆ సంగతి మీకెలా తెలిసిందో కూడా రాయాలి.

నా పరిశోధన వ్యాసం (డిసర్టేషన్) మొదటి అధ్యాయంలో "సవర గిరిజన పిల్లలకు చదువు మీద ఆసక్తి తక్కువ" అని ధీమాగా రాశాను. గైడు ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో "ఎవరన్నారు?" అని రాసి పంపారు. ఒళ్లు మండింది. అందరూ అనేదే కదా! తీరా ఆ అందరిలో ఒక్కరి పేరూ రాయలేకపోయాను. గుణుపురం వైపు ఒక బడికి వెళ్లి హాజరు పట్టీలు తిరగేస్తే, పిల్లలు ఎక్కువగా మానింది సంత రోజుల్లో, కోతల కాలంలో. పైగా బడిలో పాఠం ఒడియా, ఇంట్లో మాట సవర. పాత వాక్యం కొట్టేసి, ఏ నెలల పట్టీలు చూశానో, ఏం కనిపించిందో రాశాను. కారణం దగ్గర మాత్రం "కావచ్చు" అన్నాను. గైడు టిక్కు పెట్టింది ఆ మాటకే.

పాండిత్యమంటే బరువైన మాటలనుకోకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. ఆయన సవరలు మాట్లాడే తీరును వాళ్ల నోటనే విని రాసుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఈ రెంటి మధ్యనే, 1936లో, మన ఊరు ఒడిశాలో కలిసింది.

ఇక మిమ్మల్ని బెదరగొడుతున్న ఏపీఏ పద్ధతి, అంటే ఆధారాలు చూపడానికి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన తీరు. 1929లో అది ఏడు పేజీల వ్యాసం. 2019 నాటి ఏడో కూర్పు లావుపాటి పుస్తకమైంది. కామాలూ చుక్కలూ చూసి రాసుకోవచ్చు, కంఠతా పట్టనక్కరలేదు. రచయిత పేరు పక్కనే సంవత్సరం ఎందుకో మాత్రం గ్రహించండి: తరగతి గది గురించి 1970లో అన్న మాట నేటి బడికి వర్తిస్తుందో లేదో చదివేవారు తేల్చుకోవాలి. ఉన్నదున్నట్టు దించితే కొటేషన్ గుర్తులు, పేజీ సంఖ్య పెట్టాలి. సొంత మాటల్లో చెప్పినా పేరూ సంవత్సరమూ తప్పవు.

సొంత మాటలంటే పుస్తకం మూసి రాసినవి. తెరిచి పెట్టుకుని నాలుగు పదాలు మారిస్తే అది నకలే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. మన సరిహద్దువాళ్లకు ఇంకో ప్రలోభం ఉంది. ఒడియా పుస్తకంలోని పేరాను ఇంగ్లీషులో పెడితే నకలు పట్టే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. అయినా ఆలోచన ఆ రచయితదే, పేరు ఇవ్వాల్సిందే.

దసరాకు వచ్చేటప్పుడు ఆ ఒక్క పేజీ తీసుకురండి. నా ఎర్ర సిరా కాగితం ఇంకా పెట్టెలోనే ఉంది, చూద్దురుగాని.

మీ తాతయ్య