కాఫీ రుచి మొదట మరలోనే తేలుతుంది

అప్పుడే మరపట్టిన కాఫీ పొడి మీద వేడి నీటిని సన్నని ధారగా పోయగానే పొడి మొత్తం ఉబ్బి గుమ్మటంలా పైకి లేస్తుంది. దాని మీద చిన్న చిన్న బుడగలు పుట్టి పగులుతుంటాయి. చెవి దగ్గరగా పెడితే సన్నని చిటపట కూడా వినిపిస్తుంది. గింజలను వేయించినప్పుడు వాటి లోపల పుట్టి, కణాల గోడల మధ్య చిక్కుకుపోయిన కార్బన్ డయాక్సైడ్ వాయువు వేడి నీరు తగలగానే బయటికి తోసుకురావడమే దీనికి కారణం. ఆ వాయువు వెలువడుతున్నంతసేపూ నీరు పొడి లోపలికి సరిగా ఇంకలేదు. అందుకే ఇంట్లో శ్రద్ధగా కాఫీ కాచుకునేవారు మొదట పొడి బరువుకు రెండు మూడు రెట్ల నీరు మాత్రమే పోసి, అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం వరకు ఆగి, ఆ తరువాతే మిగిలిన నీరు పోస్తారు. వేయించి నెలలు గడిచిన గింజలతో ఆ గుమ్మటం లేవదు. వాయువుతో పాటు పరిమళం కూడా అప్పటికే చాలావరకు వెళ్లిపోయి ఉంటుంది.

కాఫీ కాచడమంటే గింజలోని పదార్థాలను నీటిలోకి దించడమే. వేయించిన గింజ బరువులో దాదాపు 30 శాతం మాత్రమే నీటిలో కరుగుతుంది. మిగిలినదంతా పీచు, పిప్పిగా మిగిలిపోయే భాగం. అయితే కరగగలిగిన ఆ 30 శాతాన్నీ పూర్తిగా దించితే కాఫీ నోట పెట్టలేనంత చేదుగా, వగరుగా తయారవుతుంది. 1950లలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ ఈ విషయాన్ని లెక్కగట్టి, పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు కరిగినప్పుడు ఎక్కువ మందికి రుచి నచ్చుతున్నదని ఒక పటం రూపంలో చూపించారు. ఇప్పటికీ ఇంట్లో కాచేవారు వాడే చాలా కొలతల వెనుక ఉన్నది ఆ పటమే. 15 గ్రాముల పొడికి 250 గ్రాముల నీరు పోశామనుకుందాం. పొడిలో ఐదో వంతు, అంటే 3 గ్రాములు కరుగుతాయి. పొడి తన బరువుకు రెండు రెట్ల నీటిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది కనుక కప్పులోకి సుమారు 220 గ్రాముల కాఫీ దిగుతుంది. అందులో కాఫీ పదార్థం నూటికి ఒకటిన్నర వంతు కూడా ఉండదు, మిగతాదంతా నీరే. మనం మంచి కాఫీ, చెడ్డ కాఫీ అని విడదీసి చెప్పే తేడా అంతా ఆ మూడు గ్రాములలోనే ఉంది.

ఆ మూడు గ్రాములూ ఒకే వేగంతో దిగవన్నది అసలు విషయం. దీన్ని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఫిల్టర్ కాగితం ఉన్న గరాటులో పొడి వేసి ఎప్పటిలాగే నీరు పోస్తూ, దిగే కాఫీని ఒక కప్పులో కాకుండా వరుసగా మూడు కప్పులలో మూడో వంతు చొప్పున పట్టాలి. మొదటి కప్పు నల్లగా, చిక్కగా, నాలుకను పట్టుకునే పులుపుతో, కొంచెం ఉప్పగా కూడా ఉంటుంది. రెండోది రంగు తగ్గి, పులుపు మెత్తబడి, తియ్యదనం తెలిసేలా ఉంటుంది. మూడోది లేత గోధుమ రంగు నీరులా కనిపిస్తుంది. నోట్లో పోసుకుంటే పలుచని చేదు, తడిసిన కట్టె వాసన తప్ప మరేమీ ఉండదు. చిన్న అణువులైన ఆమ్లాలు, లవణాలు, కెఫీన్ త్వరగా కరిగి ముందు దిగుతాయి. వేయించేటప్పుడు పుట్టిన బరువైన చేదు పదార్థాలు నెమ్మదిగా వెనుక వస్తాయి. చేదుకు కారణం కెఫీనే అని చాలామంది అనుకుంటారు గాని, కాఫీ చేదులో దాని వాటా చిన్నదే. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా చేదుగానే ఉండడం అందుకు తగిన రుజువు. పచ్చి గింజలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాలు వేయింపులో విరిగి ఏర్పడే పదార్థాలదే ఆ చేదులో పెద్ద పాలు. మూడు కప్పులనూ తిరిగి ఒకటిగా కలిపి తాగితే, విడిగా మింగుడుపడని ఆ మొదటిదీ చివరిదీ కూడా మొత్తం రుచికి ఎంత అవసరమో తెలుస్తుంది.

కాబట్టి కాఫీ కాచే మనిషి చేతిలో ఉన్న పని, ఆ దిగుడును సరైన చోట ఆపడం. దాన్ని నిర్ణయించే వాటిలో అన్నిటికంటే బలమైనది పొడి పలుకు పరిమాణమని, కాచే పరికరం కంటే మర ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. ఒక మిల్లీమీటరు భుజం ఉన్న ఘనాన్ని ప్రతి వైపూ సగానికి కోస్తే ఎనిమిది ముక్కలవుతాయి. బరువు మారదు, నీరు తగిలే ఉపరితలం మాత్రం 6 చదరపు మిల్లీమీటర్ల నుంచి 12కు పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. పలుకు నడిమధ్యన ఉన్న పదార్థం వ్యాపనం ద్వారా, అంటే తనంతట తాను నీటిలో మెల్లగా పాకుతూ, బయటికి రావడానికి పట్టే కాలం దూరంతో కాక, దూరపు వర్గంతో పెరుగుతుంది. దూరం సగమైతే కాలం నాలుగో వంతుకు తగ్గుతుంది. అంటే మరను కొద్దిగా తిప్పి పొడిని మెత్తగా చేసినా కప్పులో తేడా పెద్దదిగా కనిపిస్తుంది.

నేను ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. మంచి గరాటు, సన్నని మూతి ఉన్న కెటిల్, గ్రాములో పదో వంతు చూపే తూకం అన్నీ సమకూర్చుకున్న తరువాత కూడా నా కాఫీలో పులుపు, చేదు రెండూ ఒకేసారి ఉండేవి. నీటి వేడి తగ్గించినా, కాలం పెంచినా ప్రయోజనం లేకపోయింది. ఒకరోజు మిక్సీ లాగా బ్లేడు తిరిగే నా గ్రైండరులోని పొడిని చిటికెడు తీసి తెల్ల కాగితం మీద పలుచగా పరిచి, భూతద్దం కింద చూశాను. ఒక పక్క పంచదార పలుకుల కంటే పెద్ద ముక్కలు, మరో పక్క వేలికి అంటుకునే ధూళి. మధ్య పరిమాణంలో ఉన్నవి చాలా తక్కువ. ధూళి నుంచి అన్నీ దిగిపోయి చేదు వస్తోంది, పెద్ద ముక్కల నుంచి పులుపు మాత్రమే వచ్చి ఆగిపోతోంది. ఒకే గరాటులో రెండు రకాల తప్పులు కలిసి జరుగుతున్నప్పుడు వేడినో కాలాన్నో మార్చి సరిదిద్దడం సాధ్యం కాదు. బ్లేడు గింజను తగిలిన చోటల్లా పగులగొడుతుంది. బర్ గ్రైండరులో మాత్రం పళ్లున్న రెండు చక్రాల మధ్య సందు ఎంత ఉంటే పలుకు దాదాపు అంతకు నలిగాకే కిందికి జారుతుంది. చేతితో తిప్పే చిన్న బర్ గ్రైండరుకు మారిన మొదటి రోజే నా కప్పులో ఆ జంట రుచి పోయింది. కొత్తగా మొదలుపెట్టేవారు ఉన్న డబ్బులో ఎక్కువ భాగాన్ని మరకే కేటాయించాలని నేను చెప్పడానికి కారణం ఇదే.

మరపట్టేటప్పుడు పొడి గోడలకు అంటుకుని చెల్లాచెదురు కావడం అందరూ చూసే ఉంటారు. గింజ విరిగేటప్పుడు, ముక్కలు ఒకదానినొకటి రాసుకునేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు దానికి మూలం. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హెండన్ బృందం అగ్నిపర్వత బూడిదలో విద్యుదావేశాన్ని పరిశీలించే శాస్త్రవేత్తలతో కలిసి దీన్ని కొలిచి, 2023లో ఫలితాలను ప్రచురించింది. గింజల మీద ముందుగా కాస్త నీరు చిలకరిస్తే ఆవేశం బాగా తగ్గి, పొడి ఉండలు కట్టదని తేలింది. ఒకటి రెండు నీటి చుక్కలు వేసి గింజలను కలిపి మరలో పోసే అలవాటు ఇళ్లలో అంతకు ముందు నుంచే ఉంది. దానికి కారణం ఇప్పుడు తెలిసింది.

పరికరాల మధ్య తేడా ముఖ్యంగా నీరు, పొడి ఎంతసేపు ఎలా కలిసి ఉంటాయన్నదే. లోహపు జల్లెడను పైనుంచి కిందికి నొక్కి వడకట్టే ఫ్రెంచ్ ప్రెస్‌లో బరక పొడి నాలుగైదు నిమిషాలు నీటిలో నానుతుంది. ఎస్ప్రెస్సో యంత్రంలో సుమారు 9 బార్ల పీడనంతో, అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు తొమ్మిది రెట్లతో, నీరు మెత్తని పొడి గుండా 25 నుంచి 30 సెకన్లలో దూసుకుపోతుంది. అక్కడ మర ఒక్క గీత జరిగినా కాలం మారిపోతుంది కనుక ఇంట్లో దాన్ని సాధించడం అన్నిటికంటే కష్టం. 1933లో ఇటలీలో అల్ఫాన్సో బియాలెట్టి తెచ్చిన మోకా పాత్ర పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో పనిచేస్తుంది గాని, ఆ ఒత్తిడి ఎస్ప్రెస్సో పీడనంలో చిన్న భాగమే. 2005లో అమెరికా ఇంజనీరు అలన్ ఆడ్లర్ రూపొందించిన ఏరోప్రెస్ అనే గొట్టం లాంటి పరికరం నానబెట్టడాన్నీ నెట్టడాన్నీ కలిపింది.

కాగితపు ఫిల్టరు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి, కప్పు అడుగున మిగిలే మడ్డిని భరించలేక, ఇత్తడి గిన్నెకు రంధ్రాలు పొడిచి, తన కొడుకు నోటు పుస్తకంలోని అద్దుడు కాగితాన్ని అందులో పరిచి కాఫీ వడకట్టి, దానికి పేటెంటు పొందారు. ఆమె మడ్డి కోసం చేసిన పని ఆరోగ్యానికి కూడా మేలు చేస్తుందని చాలా కాలం తరువాత తెలిసింది. కాఫీ నూనెలోని కెఫెస్టాల్ అనే పదార్థం రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది; కాగితం దానిలో అత్యధిక భాగాన్ని పట్టి ఆపేస్తుంది, లోహపు జల్లెడ ఆపలేదు. కొలెస్టరాల్ సమస్య ఉండి రోజూ నాలుగైదు కప్పులు తాగేవారు ఫ్రెంచ్ ప్రెస్ బదులు కాగితాన్ని ఎంచుకోవడం మంచిది.

కప్పులో నూటికి తొంభై ఎనిమిది వంతులకు పైగా నీరే అయినప్పుడు దాని స్వభావాన్ని పట్టించుకోకుండా ఉండలేము. నీటిలోని బైకార్బనేటు కాఫీ ఆమ్లాలను తటస్థీకరిస్తుంది. అది ఎక్కువైతే ఎంత మంచి గింజ అయినా చప్పగా, సుద్ద తగిలినట్లుగా ఉంటుంది. అలాగని ఖనిజాలు ఏమీ లేని స్వేదనజలం వాడితే రుచి పదునుగా, బోలుగా ఉంటుంది. మరీ కఠినం కాని, వాసన లేని నీటిని 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడితే చాలావరకు సరిపోతుంది.

ఇక గింజల విషయం. ప్రపంచంలో పండే కాఫీ దాదాపు అంతా అరబికా, రోబస్టా అనే రెండు జాతులదే. అరబికా స్వయంగా ఒక సంకరం: మనం రోబస్టా అని పిలిచే కానెఫొరా జాతి, యూజీనియోయిడిస్ అనే మరో అడవి జాతి సహజంగా కలిసి పుట్టింది. అందుకే దానికి క్రోమోజోములు ఆ రెండింటికీ ఉన్నట్లు 22 కాక 44 ఉంటాయి. రోబస్టాలో కెఫీన్ అరబికాలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. చేదు, చిక్కదనం కోరేవారికి అది నచ్చుతుంది. పరిమళం కోరేవారు ఎక్కువగా పేరు చెప్పేది అరబికాలోని గేషా రకం. ఇథియోపియా అడవుల నుంచి సేకరించిన ఆ రకం కోస్టారికా మీదుగా పనామా చేరి, అక్కడ ఒక తోటలో ఎవరూ పెద్దగా పట్టించుకోకుండా పెరిగి, 2004 నాటి పోటీలో మల్లెపూల వాసనతో న్యాయనిర్ణేతలను ఆశ్చర్యపరిచింది. నాకు మాత్రం కెన్యాలోని స్కాట్ లేబొరేటరీస్ ఎంపిక చేసిన ఎస్ఎల్-28 రకపు పండ్ల పులుపు ఎక్కువ ఇష్టం.

ఏ గింజ కొన్నా సంచి మీద వేయించిన తేదీ చూడాలి, వేయించిన తీరును బట్టి మరను సరిచేయాలి. తక్కువ వేయించిన గింజ గట్టిగా ఉండి పదార్థాలను సులభంగా వదలదు కనుక దానికి మెత్తని పొడి, బాగా వేడైన నీరు కావాలి. నల్లగా వేయించినది పెళుసుగా విరిగి ధూళి ఎక్కువ రాలుస్తుంది, త్వరగా కరుగుతుంది. దానికి కొంచెం బరక పొడి, కొంచెం చల్లబడిన నీరు సరిపోతాయి. కాఫీ పుల్లగా, పలుచగా ఉంటే మరను ఒక మెట్టు మెత్తగా, చేదుగా, వగరుగా ఉంటే ఒక మెట్టు బరకగా తిప్పాలి. ఆ రోజుకు పొడి బరువును, నీటి బరువును, వేడిని కదపకూడదు. తీర్పు చెప్పేముందు కప్పును కొన్ని నిమిషాలు అలాగే ఉంచాలి. పొగలు కక్కే కాఫీలో నాలుకకు వేడి తప్ప మరేదీ స్పష్టంగా తెలియదు. గోరువెచ్చన అయ్యాకే పులుపు, తియ్యదనం వేరువేరుగా బయటపడతాయి, మర చేసిన తప్పు ఏదైనా ఉంటే అదీ అప్పుడే బయటపడుతుంది.