పట్టా కుంటకు నీరడి లేడు

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. కొద్ది రోజులకే జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ బృందం భూపాలపల్లి జిల్లాలో దిగింది. అలాంటి సంస్థ ఒకటుందని మన దగ్గర చాలామందికి తెలిసింది అప్పుడే. అదే ఏడాది జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే వరంగల్ నడిబొడ్డున ఉన్న భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడితే ఇసుక బస్తాలు వేసి పూడ్చారు. సర్కారు చెరువు తెగితే ఇరిగేషన్ వాళ్లు వచ్చి అంచనాలు వేస్తారు, నిధులు అడుగుతారు, పత్రికల్లో వార్త వస్తుంది. ఎవరి పట్టా భూమిలోనో ఉన్న కుంట తెగితే ఎవరు వస్తారు? అసలు తెగకముందు దాన్ని చూసేవాళ్లు ఎవరు?

ఇలాంటి కుంటలు ఉత్తర తెలంగాణలో కొత్త కాదు. శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, ఒకరి పట్టాలో ఉన్న పాత కుంటలు ఉన్నాయి. రెండు గుట్టల మధ్య పదిహేను, ఇరవై అడుగుల కట్ట పోసి తోటకో, కోళ్ల ఫారానికో, రిసార్టుకో నీళ్లు తీసుకునేవీ ఉన్నాయి. కట్ట పోసింది జేసీబీ డ్రైవరు, డిజైన్ చెప్పింది ఓనరు. ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మత్తడి ఎంత వెడల్పు ఉండాలో లెక్క కట్టినవాళ్లు ఉంటే మంచిదే.

2021 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం ఎత్తును బట్టి నడుస్తుంది. పునాది అడుగు నుంచి పై అంచు దాకా 15 మీటర్లు దాటిన ఆనకట్టలన్నీ దాని కిందికి వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి ఇంకో షరతు ఉంది: కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకుండా ఉండాలి, లేదా నిల్వ పది లక్షల ఘనపు మీటర్లకు తగ్గకూడదు, లేదా వరద ప్రవాహం, పునాది, డిజైన్ విషయాల్లో ప్రత్యేక కారణం ఏదైనా ఉండాలి. ఆ పరిధిలోకి వస్తే యజమాని కంపెనీ అయినా తప్పించుకోలేదు. వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయించాలి, పరికరాలు పెట్టాలి, ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్లాన్ రాసి ఉంచాలి. పది మీటర్ల లోపు కట్ట గురించి మాత్రం ఆ చట్టం మాట్లాడదు.

చిన్నది కదా, పోతే ఏం పోతుందిలే అనుకోవడానికి లేదు. పది ఎకరాల నీటి పరుపు, సగటున ఎనిమిది అడుగుల లోతు ఉన్న కుంటనే తీసుకోండి. అందులో దాదాపు 35 లక్షల ఘనపుటడుగుల నీళ్లుంటాయి. గండి పడి అరగంటలో ఖాళీ అయితే సగటున 1,900 క్యూసెక్కులు పైనే. దారిలో ఉన్నది వరి పొలమైతే పంట పోతుంది, ఇసుక మేట వేస్తుంది. కాలనీ అయితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల గత ముప్పై ఏళ్లలో లేచిన ఇళ్లు ఎన్ని పాత వాగు దారుల్లో ఉన్నాయో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. పై కుంట తెగితే ఆ నీళ్లు కింది చెరువు మత్తడి మోయగలిగినదానికి మించి వచ్చి పడతాయి.

ఈ నేల మీద సొంత ఖర్చుతో చెరువు కట్టించడం కాకతీయుల నాటికే ఉన్న అలవాటు. రామప్ప గుడి 1213లో పూర్తయింది. గుడినీ చెరువునీ కట్టించింది రాజు గణపతిదేవుడు కాదు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు. పాకాల చెరువు కట్టించిన ఘనత జగదాల ముమ్మడిది. ఇలా కట్టించినవాళ్లకు దశబంధం ఇచ్చేవారు. ఆయకట్టులో పదో వంతు భూమి గానీ, ఫలసాయంలో వాటా గానీ పన్ను లేకుండా వాళ్లకు దక్కేది. అది ఒట్టి బహుమతి కాదు, చెరువును బాగుగా ఉంచాలన్న షరతు దానికి తోడుండేది. కట్ట పాడైతే మాన్యం పోతుంది కాబట్టి యజమానికి కట్ట మీద కన్ను ఉండేది. నా లెక్కలో మన చెరువుల చరిత్రలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు అదే. భక్తి, పుణ్యం లాంటి మాటలు శాసనాల్లో ఎన్ని ఉన్నా కట్టను నిలబెట్టింది ఈ లెక్కే.

రోజువారీ పని నీరడిది. తూము ఎత్తడం, దించడం, మడులకు నీళ్లు పంచడం ఆయన వంతు. వాన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేదీ ఆయనే. కళ్లం దగ్గర రైతులు ఇచ్చే గింజలే ఆయన జీతం. ఈ ఏర్పాటును మరీ ముద్దుగా గుర్తు చేసుకోనక్కర్లేదు. కట్టకు మట్టి మోసినవాళ్లలో వెట్టికి వచ్చినవాళ్లూ ఉన్నారు, నీరడి పని కులాన్ని బట్టి వచ్చేది. అయినా ఫలానా కట్ట ఫలానా మనిషిది అని ఊరంతటికీ తెలుసు.

ఆ తెలివిడి ఒక్కసారిగా పోలేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1955లో హైదరాబాద్ రాష్ట్రం ఇనాముల రద్దు చట్టం తెచ్చింది. రెండూ జరగాల్సినవే. కానీ మాన్యంతో పాటు మరమ్మతు బాధ్యత కూడా పోతుందని, దాన్ని ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించాలని అప్పుడు ఎవరూ పట్టుబట్టలేదు. పెద్ద చెరువులు సర్కారువయ్యాయి. చిన్నవి కొన్ని పంచాయతీల లెక్కలోకి, కొన్ని పట్టాల్లోకి వెళ్లాయి. 1984లో పటేలు, పట్వారీ వ్యవస్థ పోయింది. 2020లో వీఆర్వోల వ్యవస్థను తీసేశారు. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దారు. వాళ్లలో నీరడి కుటుంబాలవాళ్లూ ఉన్నారు. ఇరిగేషన్‌లో తూములు, కాలువలు చూసే లష్కర్లు ఉన్నా వాళ్లు చూసేది శాఖ చెరువుల్నే. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువుల లెక్క ముందుపెట్టుకుంది. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు బాగు చేశారు. దాని మంచిచెడ్డల మీద వాదన ఎంతైనా చేయొచ్చు. పట్టా కుంటల ఓనర్ల బాధ్యత ఏమిటన్నది మాత్రం అప్పుడూ తేలలేదు.

తెగితే నష్టం ఎవరు కట్టాలన్న ప్రశ్న తెలుగు నేల మీద నూటయాభై ఏళ్ల కిందటే కోర్టుకెక్కింది. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ పనులు దెబ్బతిన్నాయి. సొంత జలాశయం తెగి పక్కవాడి గని మునిగితే యజమానే బాధ్యుడని ఇంగ్లండులో 1868లో తీర్పు వచ్చింది. దాన్నే ఇక్కడా వర్తింపజేయాలని కంపెనీ అడిగింది. 1874లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు, ఒప్పుకోలేదు. ఈ చెరువులు పూర్వం నుంచీ జనం బతుకుకు ఆధారమని, వాటిని తీసేసే హక్కు జమీందారుకు లేదని, కాపాడడం ఆయన విధి అని, నిర్లక్ష్యం రుజువు కానిదే నష్టపరిహారం అడగలేరని చెప్పింది. ఊరి కోసం ఉన్న చెరువు విషయంలో అది న్యాయంగానే తోస్తుంది. తన తోట కోసం నిన్నగాక మొన్న కట్ట పోసుకున్నాయన కూడా అదే గొడుగు కింద నిలబడతానంటే ఒప్పుకోవడం నాకు కష్టం.

రైలు మాట వచ్చింది కాబట్టి వలిగొండ దగ్గర ఆగాలి. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున చెరువు తెగిన వరదకు అక్కడ చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ సంగతి తెలియక వచ్చిన డెల్టా ప్యాసింజరు అందులో పడి వంద మందికి పైగా చనిపోయారు. కట్ట మీద కాపలా ఉండి, అతని కబురు స్టేషనుకు చేరే దారి ఒకటి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాలి.

మట్టికట్ట పోవడానికి ప్రధానంగా రెండు దారులు. మత్తడి చాలక నీళ్లు కట్ట పైనుంచి పొర్లడం ఒకటి. చేపలు పోకుండా మత్తడికి వలలు కట్టినా, ఇంకో అడుగు నీళ్లు ఆగాలని బస్తాలు పేర్చినా ఆ ముప్పు తెచ్చుకున్నట్టే. రెండోది బుంగ. పాత తూము పక్క నుంచో, కట్ట తొలిచి వేసిన మోటారు పైపు వెంబడో, ఎండిపోయిన తుమ్మ వేరు కుళ్లిన సందులోనో నీళ్లు దారి చేసుకుంటాయి. కట్ట కింద ఊట తేటగా ఉంటే గమనిస్తూ ఉండొచ్చు. బురద రంగుకు తిరిగిందంటే లోపల మట్టి కదిలిపోతోందన్నట్టు, ఇక గంటల లెక్కే. దీన్ని పట్టుకోవడానికి కోట్ల పరికరాలు అక్కర్లేదు. నీటి మట్టం చూపే గేజీ రాయి, ఊట కొలవడానికి వీ ఆకారం కోసిన రేకు, వాన కొలిచే డబ్బా, రోజూ రాసే నోటుబుక్కు చాలు. రాసే మనిషి ఉండాలి.

ఇంగ్లండు, వేల్స్ ఇంకో దారి పట్టాయి. 1925లో వేల్స్‌లోని డాల్గారోగ్ దగ్గర ఒక కంపెనీకి చెందిన ఆనకట్ట తెగి, ఆ నీళ్లు కింది జలాశయాన్నీ తెంపి 16 మందిని బలిగొన్నాయి. మన గొలుసుకట్టు భయం అచ్చంగా ఇదే. 1930లో అక్కడ చట్టం వచ్చింది. 1975లో దాని స్థానంలో వచ్చిన చట్టం ఎత్తును కాక నిల్వను చూసి, నేల మట్టానికి పైన 25,000 ఘనపు మీటర్లకు మించి నిలిచే ప్రతి జలాశయాన్నీ పట్టుకుంది. యజమాని రైతా, కంపెనీయా అన్నది చూడలేదు. గుర్తింపు ఉన్న ఇంజనీరు పర్యవేక్షణ, పదేళ్లకు మించకుండా తనిఖీ తప్పనిసరి చేసింది. పైన చెప్పిన పది ఎకరాల కుంటలో నీళ్లు ఆ పరిమితికి దాదాపు నాలుగు రెట్లు.

మన దగ్గర ప్రస్తుతానికి కలెక్టరు చేతిలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఉంది. ముప్పు ముంగిట్లోకి వచ్చాక ఊరు ఖాళీ చేయించడానికీ, కట్టకు కోత పెట్టించడానికీ అది పనికొస్తుంది. వానాకాలానికి ముందే చూడాలంటే మండలానికి ఒక జాబితా అయినా ఉండాలి: పట్టా కుంట ఎవరిది, ఎన్ని నీళ్లు పడతాయి, తెగితే ఎటు పోతాయి, రాత్రి రెండు గంటలకు ఎవరికి ఫోన్ చేయాలి. మండలాల్లో ఆటోమేటిక్ వాన కొలమానాలు ఉన్నాయి, ఎక్కడ ఎంత పడిందో ఆ రాత్రే తెలుస్తోంది. చట్టం పరిధిలోకి వచ్చే పెద్ద ఆనకట్టలు అత్యవసర ప్రణాళికలు రాసుకోవడానికి ఐదేళ్ల గడువు 2026 డిసెంబరు చివరితో ముగుస్తుంది. పట్టా కుంటలకు ఇప్పటివరకు అలాంటి గడువేదీ పెట్టలేదు.