ఎక్సెల్ ఫైల్ తెరుచుకుంటే లెక్క సరిగ్గా ఉన్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఫైల్ ఓపెన్ అయింది. అంకెలన్నీ కనిపిస్తా ఉండాయి. ఇంకేం ఇబ్బంది?"

జూన్, జూలై వస్తే చిత్తూరు మామిడి ర్యాంపుల్లోనూ (కాయ కొనే చోట్లు), పల్ప్ ఫ్యాక్టరీల అకౌంట్స్ గదుల్లోనూ ఈ మాట వినని రోజుండదు. ఫ్యాక్టరీలో కొత్త ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ 365, తిరుపతిలో ఆడిటర్ దగ్గర పాత ఎక్సెల్ 2016, మధ్యలో ఎవరి ల్యాప్‌టాప్‌లోనో లిబ్రేఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాం. ఒకే ఫైల్ మూడు చోట్లా తెరుచుకుంటుంది. అక్కడే మోసపోతాం.

అపోహ: ఓపెన్ అయింది కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్‌లో ఫార్ములా ఉన్న ప్రతి గడిలోనూ రెండు దాగి ఉంటాయి. ఒకటి ఫార్ములా, రెండోది చివరిసారి లెక్కకట్టిన విలువ. పాత ఎక్సెల్‌కి ఆ ఫార్ములా అర్థం కాకపోయినా, దాచిపెట్టిన విలువను చూపిస్తుంది. మీరు చూస్తున్నది లెక్క కాదు, పంపినవాళ్ళ మెషీన్‌లో జరిగిన లెక్క తాలూకు ఫొటో.

తోతాపురి షీటే తీసుకుందాం. రైతు పేరు, రకం, నికర తూకం, రేటు, మొత్తం. రకాన్ని బట్టి రేటు తెచ్చేది ఎక్స్‌లుకప్ అనే కొత్త ఫంక్షన్. 2025 సీజన్‌లో ఫ్యాక్టరీ ధర కిలోకి 8 రూపాయలు, దానికి ప్రభుత్వ సాయం 4 రూపాయలు. 6,250 కిలోలకు ఫ్యాక్టరీ వాటా 50,000. 2016లో తెరిచినా 50,000 అనే కనిపిస్తుంది. ఎవరో ఆ వరసలో రకం తప్పు పడిందని తోతాపురి తీసి నీలం అని కొడతారు. ఆ క్షణాన ఎక్సెల్ ఆ గడిని మళ్ళీ లెక్కించబోతుంది, ఫంక్షన్ తెలియక నేమ్ ఎర్రర్ (#NAME?) చూపిస్తుంది. ఎర్రర్ కనబడితే నయమే, వెంటనే ఫోన్ చేస్తారు.

అసలు నష్టం షీట్ "నీట్‌గా" ఉండాలని ఎక్స్‌లుకప్ చుట్టూ ఇఫ్‌ఎర్రర్ కట్టి, ఎర్రర్ వస్తే సున్నా వేయమన్నప్పుడు. ఇఫ్‌ఎర్రర్‌కి ఏ ఎర్రర్ అయినా ఒకటే, నేమ్ ఎర్రర్‌ని కూడా మింగేసి సున్నా పెడుతుంది. మూడు వందల వరసల్లో ఒక్క వరస సున్నా అయితే ఎవరి కంటా పడదు. మొత్తం 50,000 తగ్గిపోయి బ్యాంకుకి వెళ్తుంది. పది రోజులకి రైతు పాస్‌బుక్ పట్టుకుని వస్తాడు, మాట పడేది షీట్ టైప్ చేసిన పిల్ల. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు.

ఇఫ్‌ఎర్రర్ బదులు ఇఫ్‌ఎన్ఏ వాడండి. 2013 నుంచి ఉంది. రకం దొరకని ఎర్రర్‌ని మాత్రమే ఆపుతుంది, నేమ్ ఎర్రర్‌ని బయటికి కనబడనిస్తుంది.

పంపే ముందు ఇలా పరీక్షించండి. ఫైల్ కాపీని అవతలివాళ్ళ మెషీన్‌లోనే తెరిచి, పసుపు పట్టీ వస్తే ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కి (అది నొక్కేదాకా లెక్క జరగదు), కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కండి. అన్ని గడులూ కొత్తగా లెక్కించబడతాయి. లిబ్రేఆఫీస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9. పంపినవాళ్ళు వాట్సాప్‌లో విడిగా చెప్పిన మొత్తంతో పోల్చండి. తేడా వస్తే, ఫైండ్‌లో లుక్ ఇన్ దగ్గర ఫార్ములాస్ ఎంచుకుని, అండర్‌స్కోర్, దాని వెంటనే ఎక్స్ ఎల్ ఎఫ్ ఎన్ అక్షరాలు కొట్టి వెతకండి. పాత ఎక్సెల్‌లో దానికి తెలియని ఫంక్షన్ ముందు ఆ గుర్తు కనిపిస్తుంది.

"మాది 2019 కదా, కొత్తదే" అనేవాళ్ళకి: ఇఫ్స్, టెక్స్ట్‌జాయిన్ 2019లో ఉన్నాయి. ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యునిక్ లేవు, అవి 2021లో వచ్చాయి. లిబ్రేఆఫీస్‌లో అయితే 24.8 వెర్షన్ నుంచి ఉన్నాయి. పది చోట్లకి పోయే షీట్‌లో పాతవాటిలోనూ ఉన్న ఇండెక్స్, మ్యాచ్ జంటతోనే పని కానివ్వండి. వీలుకప్ (VLOOKUP) వాడితే నాలుగో విలువగా సున్నా తప్పక పెట్టాలి. ఎక్స్‌లుకప్‌కి అలవాటుపడ్డ చేయి అది మర్చిపోతుంది, మర్చిపోతే దగ్గరి రకం రేటు ఎర్రర్ లేకుండా వచ్చి కూర్చుంటుంది. అవతలివాళ్ళు చూడటానికి మాత్రమే అయితే కాపీలో పేస్ట్ స్పెషల్, వాల్యూస్ చేసి పంపండి. గొడవ ఉండదు.

అపోహ: ఫైల్ పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తీసి ఎక్స్‌ఎల్‌ఎస్ అని రాస్తే పాతదానికి మారిపోతుంది. మారదు. బాటిల్ మీద లేబుల్ మార్చడమే అది. సేవ్ యాజ్ చేయాలి. చేసినా, పాత రకంలో 65,536 వరసలు, 256 నిలువు వరసలే పడతాయి. మిగతావి పోతాయని ఎక్సెల్ హెచ్చరిస్తుంది, మనవాళ్ళు చదవకుండా కంటిన్యూ నొక్కేస్తారు.

అపోహ: సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) అయితే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా సరిపోతుంది. తెరవడానికి సరిపోతుంది, ఖాతా నంబర్లకే ప్రమాదం. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబర్‌లో చివరిది సున్నా అవుతుంది, మళ్ళీ రాదు. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఆధార్ 12 అంకెలే అయినా, జనరల్ ఫార్మాట్‌లో మధ్యలో ఇంగ్లిష్ అక్షరం E పెట్టి కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీలోకి వెళ్ళేది ఆ కనిపించిందే. నంబర్ కొట్టకముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా పెట్టండి. తయారైన సీఎస్‌వీని సరిచూసుకోవాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి సేవ్ కొట్టారంటే, అప్పటిదాకా పడ్డ జాగ్రత్తంతా పోయినట్టే. ఎక్సెల్‌లోనే కావాలంటే డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెచ్చి, ఆ నిలువు వరసను టెక్స్ట్ అని చెప్పండి.

అపోహ: 2025 అక్టోబర్ 14 తర్వాత ఎక్సెల్ 2016, 2019ల్లో ఫైళ్ళు తెరుచుకోవు. ఆ రోజుతో ఆగింది మైక్రోసాఫ్ట్ మద్దతు, అంటే భద్రతా సవరణలు. ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. ఈ పుకారు చూసి పదేళ్ళ లెడ్జర్లు ఒకే రాత్రిలో మార్చేయకండి. మార్చాలి, కానీ తీరిగ్గా, కాపీ పెట్టుకుని.

రైతుల పేర్లు అవతల పిచ్చి గీతల్లా కనిపిస్తే వెర్షన్‌ని తిట్టకండి, అవి 'అను' అనే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టినవి అయ్యుంటాయి. అవతల ఆ ఫాంట్ వేస్తే కనిపిస్తాయి గానీ, లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. వెతికితే దొరకవు, వరసలో పెడితే అ, ఆ ప్రకారం రావు. యూనికోడ్‌లోకి మార్చుకోండి. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంట్ సిస్టమ్‌తోనే వస్తుంది, విడిగా ఏదీ వేసుకోనక్కర్లేదు.