అవ్వ ఆ రోజు మిమ్మల్ని ఎందుకు ఎత్తుకోలేదంటే

అనంతపురం

పెద్దోడా, పాపా,

మేము బెంగళూరులో స్కాన్ తీయించుకొని వచ్చిన సాయంత్రం అవ్వ ఒళ్లోకి రానీయలేదని పాప ఇంకా మూతి ముడుచుకొనే ఉందంట. ఫోన్లో చెప్తే సగమే చెవిన పడుతుంది, అందుకే రాస్తాండా.

పోయినేడు విత్తనానికి శెనక్కాయలు వలిచేటప్పుడు అవ్వకు ఈ కీళ్ల జబ్బు మొదలైంది. బొటనవేలితో ఎంత నొక్కినా కాయ పగల్లేదు. "కాయ గట్టిదిలే" అనింది, నేనూ నమ్మితి. తర్వాత పొద్దున లేస్తానే పిడికిలి ముడుచుకోదు. ఎండ ఎక్కేదాకా వేళ్లు కట్టెల మాదిరి. సంగటి గెలికే తెడ్డు చేతిలోంచి జారిపోయేది. ఒక డాక్టర్ ఎక్స్‌రే తీయించి, ఎముకలు బాగున్నాయి, వయసుదిలే అని పంపేసినాడు. ఆ ఎక్స్‌రేలో అబద్ధం లేదు. అది చూపించేది ఎముకను, జబ్బు మొదలయ్యేదేమో కీలు లోపలి మెత్తటి పొరలో. ఒంటిని కాయాల్సిన కణాలే ఆ పొర మీద పడి వాచిపోయేట్లు చేస్తాయి. ఎముక కొరుక్కుపోవడం ఆ తర్వాత మాట. శెనక్కాయ చేను పైకి పచ్చగా ఉన్నా, పీకితే గానీ కాయ సంగతి తెలియదు చూడు, అట్లా.

జ్వరం విడవక ఒళ్లు కరిగిపోతా ఉంటే, ఇంకేదన్నా ఉందేమోనని పెట్ స్కాన్ రాసినారు. గ్లూకోజ్ లాంటి చక్కెరకు ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. వాపులో చేరిన కణాలకు ఆకలెక్కువ, ఆ చక్కెరను గబగబా లాక్కుంటాయి. కానీ అరిగించుకోలేవు, అది లోపలే చిక్కుకుపోతుంది. ఫ్లోరిన్-18 విడిచిన పాజిట్రాన్, అంటే ఎలక్ట్రాన్‌కు ఎదురు కణం, పక్కనున్న ఎలక్ట్రాన్‌ను కలవగానే రెండూ మాయమై, రెండు గామా కిరణాలు చెరో దిక్కుకు ఉరుకుతాయి. ఒంటి చుట్టూ ఉండే రింగు ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకొని, అవి పుట్టిన గీతను లెక్కగడుతుంది. అట్లాంటి గీతలు లక్షలు కలిస్తే బొమ్మ.

సూది వేసినాక గంటసేపు కదలొద్దు, మాట్లాడొద్దు అన్నారు. పనిచేసే కండ కూడా చక్కెర తింటుంది మరి. మీ అవ్వను గంట మాట్లాడొద్దంటే ఎట్లుంటుందో మీకు చెప్పాలా!

బొమ్మలో మణికట్లు, వేళ్ల కణుపులు, భుజాలు మెరిసినాయి. మెదడు, మూత్రాశయం కూడా మెరిసినాయి, అవి అందరికీ మెరిసేవే. చీము పట్టిన చోటా మెరుస్తుంది. అందుకే మెరుపు చూసి జబ్బు పేరు పెట్టరు. వాచిన కీళ్లు లెక్కబెట్టి, యాంటీ సీసీపీ రక్తపరీక్ష చేసినాకే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్లవాతం అన్నారు. ఈ జబ్బుకు అందరికీ పెట్ తీయరు, చాలామందికి కీలులో రక్తం పారేది శబ్ద తరంగాలతో చూసే డాప్లర్ అల్ట్రాసౌండ్‌తో జరిగిపోతుంది. ఈ చక్కెరకు బదులు, వాపులో చేరే మాక్రోఫేజ్ అనే కాపలా కణాలకే అతుక్కునే పదార్థాల మీద పరిశోధన నడుస్తోంది. నాకు ఆశంతా దాని మీదే.

ఇంక పాప అలక సంగతి. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. సూది వేసింది పదకొండింటికి. పన్నెండూ యాభైకి సగం, రెండూ నలభైకి పావు, నాలుగున్నరకు ఎనిమిదో వంతు. మేము ఇల్లు చేరింది ఐదున్నరకు. అవ్వ ఒంట్లో ఇంకా కొంచెం మిగిలుంది. దాని కిరణాలు తగలకుండా, ఆ రోజుకు చిన్నపిల్లల్ని ఎత్తుకోవద్దని ఆసుపత్రిలో చెప్పి పంపినారు. పొద్దునకు అదేమీ మిగల్లేదు, కానీ అప్పటికి పాప బడికి పోయింది.

ఇప్పుడు అవ్వ ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ అనే మాత్ర వేసుకుంటోంది. వారానికి ఒక్కసారే, సోమవారం. మరిచిపోయి రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పెద్దోడా, ఈసారి వచ్చినప్పుడు క్యాలెండర్‌లో సోమవారాలన్నిటికీ ఎర్రపెన్నుతో సున్నా చుట్టు. మాత్ర వేసుకోగానే పాప దాని మీద గీత కొట్టాల.

మీ తాత