ఆ రోజు స్టార్టర్ దగ్గర ఎందుకు అరిచానంటే

చిన్నోడికి, పాపకు జేజినాయన ఆశీస్సులు.

మీరు హైదరాబాద్ చేరారని నాన్న ఫోన్ చేశాడు. ఇక్కడ నేనూ జేజీ బాగున్నాం. మీరు వెళ్లిన మర్నాడే మంచి పదును వాన పడింది. చెనక్కాయలు విత్తడానికి దుక్కులు సాగుతున్నాయి.

చిన్నోడా, ఆ రోజు నీ మీద అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. తొట్టిలో మునిగి లేచి, నీళ్లు కారే చేత్తో, కాళ్లకు చెప్పుల్లేకుండా, మోటారును నడిపే స్టార్టర్ డబ్బా మీద పచ్చ బటన్ నొక్కబోయావు. నేను అరిచాను. నువ్వు ఆ పూట అన్నం కూడా తినలేదు. తప్పని చెప్పాను గానీ ఎందుకు తప్పో చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు పాప అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతా. "బావినిండా నీళ్లుంటే, మళ్లీ పంపులో బిందెడు నీళ్లు పోస్తావెందుకు జేజినాయనా?" అంది. ఆ ప్రశ్న మంచిది. దాని వెనకాలే మిగతా సంగతులన్నీ ఉన్నాయి.

పంపు నీళ్లు లాగుతుందని అందరం అంటాం. నిజానికి అక్కడ లాగేదేమీ లేదు. కొబ్బరి బోండంలో స్ట్రా పెట్టి తాగుతారు కదా, అప్పుడు మీరు చేసేది స్ట్రాలోని గాలి తీసెయ్యడం మాత్రమే. బయటి గాలి బోండంలోని నీళ్లను పైనుంచి నొక్కుతూ ఉంటుంది. ఆ నొక్కుడుకే నీళ్లు నోట్లోకొస్తాయి. స్ట్రాకు చిల్లు పడితే ఎంత పీల్చినా వచ్చేది గాలే. పంపు కూడా అంతే. లోపల తిరిగే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, నీళ్లను విసిరికొట్టగలదు గానీ, ఉత్త గాలిని బయటికి నెట్టే బలం దానికి లేదు. అందుకని పంపు, బావిలోకి దిగే సక్షన్ పైపు నిండేదాకా మనమే నీళ్లు పోస్తాం. దాన్నే ప్రైమింగ్ అంటారు. పోసిన నీళ్లు బావిలోకి జారిపోకుండా పైపు కింది కొసన ఫుట్‌వాల్వు అనే ఒకవైపే తెరుచుకునే మూత ఉంటుంది. దాంట్లో ఒక్క కానుగాకు ఇరుక్కుంటే చాలు, ఎన్ని బిందెలు పోసినా నిండదు. స్విచ్ వేశాక నిమిషంలోపు నీళ్లు రాకపోతే ఆపెయ్యాలి. నీళ్లు లేకుండా ఉత్తగా తిరిగితే పంపు లోపల కాలిపోతుంది.

ఇప్పుడు పాప ఒక లెక్క వెయ్యాలి. మీ సైన్సు పుస్తకంలో బారోమీటర్ బొమ్మ ఉంటుంది. 1643లో ఇటలీలో టారిసెల్లి ఆలోచనతో వచ్చిందది. గాలి బరువు పాదరసాన్ని 76 సెంటీమీటర్లు నిలబెడుతుంది. నీళ్లకన్నా పాదరసం 13.6 రెట్లు బరువు. 76ను 13.6తో గుణించు. 1033 సెంటీమీటర్లు వస్తుంది, అంటే దాదాపు 34 అడుగులు. గట్టు మీద పెట్టిన ఇలాంటి పంపు ఎంత ఖరీదైనదైనా అంతకన్నా లోతు నుంచి నీళ్లు తెచ్చుకోలేదు. పైపు రాపిడీ అవీ పోగా మనకు పనికొచ్చేది 20 నుంచి 25 అడుగులే.

ఈ లెక్క దగ్గరే మా ఊళ్లో ప్రాణాలు పోయాయి. నా చిన్నప్పుడు ఎద్దులతో నీళ్లు తోడే కపిలలు పోయి ఆయిలింజన్లు వచ్చాయి. బావులు 40, 50 అడుగుల లోతు. కరువొచ్చిన ఏడు నీళ్లు అడుక్కు దిగిపోయేవి, గట్టు మీది పంపుకు అందేవి కావు. పైరు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేక బావి గోడకు మెట్టు కట్టి, ఇంజన్నే లోపలికి దించేవాళ్లు. ఒక పొద్దున అలా దించిన ఇంజను దానంతటదే ఆగిపోయింది. చూసొస్తానని ఒకాయన దిగాడు. పైనుంచి పిలిస్తే పలకలేదు. ఆయన తమ్ముడు దిగాడు. అతనూ పలకలేదు. మూడో మనిషి దిగబోతుంటే మా నాయన నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. నాకప్పుడు పదకొండేళ్లు, గట్టు మీద నిలబడి చూశాను. దిగిన ఇద్దరూ బతకలేదు.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఉంది కదా, దానికి ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కాళ్లల్లో సత్తువ పోవడం. తప్పు తెలిసేసరికి నిచ్చెన ఎక్కే బలం ఉండదు. పాత బావుల్లో లాంతరు దించి, అది ఆరకపోతే మంచి గాలే ఉందని దిగేస్తుంటారు. ఈ వాయువు విషయంలో ఆ పరీక్ష పనికిరాదు. మనిషిని చంపేంత ఉన్నా దీపం మామూలుగానే వెలుగుతుంది.

ఇది బావి ఉన్న ఊళ్ల సంగతి మాత్రమే అనుకోకండి. గట్టి వాన పడితే మీ సెల్లార్‌లో నీళ్లు నిండుతాయి, ఎవరో పెట్రోలు ఇంజను పంపు తెస్తారు. ఇంజను బయట రోడ్డు మీద ఉండాలి, పైపు మాత్రమే లోపలికి పోవాలి. తలుపులు తీసిపెట్టాం కదా అని ఇంజన్ని లోపల పెట్టనివ్వకండి. పెద్దవాళ్లు వినకపోతే నాకు ఫోన్ చెయ్యండి, నేను మాట్లాడతాను. ఇంజను నడుస్తుండగా, లేదా వేడి మీదుండగా పెట్రోలు పోయకూడదు. ఆపి, చల్లారాకే మూత తియ్యాలి.

ఇక కరెంటు. చిన్నోడా, మన అయిదు హెచ్‌పీ మోటారు ఏడు ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదో వంతు చాలు. పొడి చర్మం కరెంటును కొంత ఆపుతుంది, తడి చర్మం ఆపదు. నీ చేయి తడి, కాలి కింద బురద. ఆ డబ్బా రేకులోకి కరెంటు వచ్చి ఉంటే నీ ఒంట్లోంచే నేలలోకి దిగేది. నా అరుపుకు కారణం అదీ.

కానుగ చెట్టు పక్కన మొక్కేమీ లేని చోట, ఇనుప గొట్టంలో నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే మీరిద్దరూ నవ్వారు. అది ఎర్త్ పైపు. చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడ్చాం. మోటారు బాడీలోకి కరెంటు వస్తే అది మనిషిని వెతుక్కోకుండా ఆ దారిన నేలలోకి పోవాలి. ఎండిన నేల కరెంటును సరిగా తీసుకోదు. అందుకే ఎండాకాలంలో వారానికోసారైనా ఆ గొట్టం దప్పిక తీరుస్తాను.

స్టార్టర్ మాటిమాటికీ పడిపోతుంటే, అంటే దానంతటదే ఆగిపోతుంటే, కొందరు బటన్‌కు పుల్ల చెక్కేస్తారు. అది చూస్తే నాకు కడుపు మండుతుంది. మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, పంపు ఇరుక్కున్నా స్టార్టర్ లోపలి రిలే మోటారును కాపాడాలనే ఆపుతుంది. ఒకసారి మళ్లీ నొక్కి చూడొచ్చు. అప్పటికీ పడిపోతే మెయిన్ స్విచ్ తీసి మెకానిక్‌ను పిలవాలి. ఎవరికైనా షాక్ కొట్టి అంటుకుపోతే వాళ్లను ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. తెగిన తీగ కనబడితే దూరంగా ఉండి 1912కు ఫోన్ చెయ్యాలి, అది కరెంటోళ్ల నంబరు.

మీ సంపులో ఉన్న మోటారు గురించి నాన్నను రెండు విషయాలు అడిగి నాకు రాయండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ దానికి ఉందా? సంపు కడిగేటప్పుడు స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్ పీకేస్తున్నారా? మోటారును పైకి తీసేటప్పుడు తాడు పట్టుకునే లాగాలి. వైరు పట్టుకుని లాగితే లోపలి జాయింటు సడలుతుంది, మళ్లీ నీళ్లలోకి దించినప్పుడు షాక్ అక్కడే పుడుతుంది.

మా కొత్త పెట్రోలు ఇంజను పంపుకు మొదటి 20 గంటలు నిండగానే ఇంజనాయిల్ మార్చాను. ఇకమీదట ప్రతి 100 గంటలకు మార్చాలి. కుంటలో బురద నీళ్లు తోడిన రోజు మంచినీళ్లు తోడించి కడిగి, పంపులో నీళ్లన్నీ వంచేసి కొట్టంలో పెడుతున్నాను.

ఇంకొకటి. పంపు ఇరుసు దగ్గర చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయని చిన్నోడు స్పానర్‌తో బిగించబోయాడు. అది కారాలిరా. ఇరుసు చుట్టూ గ్లాండు తాడు ఉంటుంది, దాన్ని చల్లబరిచేవి ఆ చుక్కలే. పూర్తిగా బిగిస్తే తాడు మాడి, ఇరుసు అరిగిపోతుంది. ధారగా కారితేనే తాడు మార్చాలి. ఇప్పుడు కొంచెం ధారే కడుతోంది. కొత్త తాడు తెచ్చిపెట్టాను. దసరాకు మీరొచ్చాక మెయిన్ తీసి, ఫ్యూజులు నా జేబులో వేసుకుని, ముగ్గురం కలిసి మారుద్దాం. చిన్నోడు కాళ్లకు చెప్పులు వేసుకుని రావాలి.

మీ జేజినాయన